1970 షెవెల్ సస్పెన్షన్: వారమంతా రోడ్డు మీద, శనివారం డ్రాగ్ స్ట్రిప్ మీద

మీ ప్రశ్నలోని వివరాలు ముందు ఒకచోట పెడతాను, మిగతా చదివేవాళ్ళకీ సంగతి తెలుస్తుంది. డాలస్ దగ్గర ఉంటారు. బండి 1970 షెవెల్ (షెవర్లే కంపెనీది), 454 ఘనపు అంగుళాల ఇంజను, 12 బోల్టుల వెనక యాక్సిల్. వెనక 2 అంగుళాలు దించే స్ప్రింగులు వేశారు. ముందు 90/10 షాకులు (తేలిగ్గా తెరుచుకుని కష్టంగా మూసుకునేవి), వెనక 275/60ఆర్15 డ్రాగ్ రేడియల్స్, అంటే పట్టు ఎక్కువుండే రేసు టైర్లు. బుష్‌లన్నీ, అంటే సస్పెన్షన్ కీళ్ళలోని మెత్తలన్నీ, పాత రబ్బరువే. ఎనిస్‌లోని టెక్సాస్ మోటర్‌ప్లెక్స్ డ్రాగ్ స్ట్రిప్‌కి (తిన్నటి పావు మైలు పందెం ట్రాక్) వెళితే మొదటి 60 అడుగులకి 2.2 సెకన్లు పడుతోంది, స్టార్టులో వెనక చక్రాలు దడదడ ఎగురుతున్నాయి. హైవే మీద ముందుభాగం పడవలా ఊగుతోంది. ఇంతకీ ఏ పార్టు కొనాలని అడిగారు.

ఇప్పుడే ఏమీ కొనకండి. ముందు టేపు, డిజిటల్ యాంగిల్ గేజి తీసుకుని బండి కిందికి దూరండి. మీ మూడు ఇబ్బందుల్లో రెండు ఇంతకుముందు కొన్న పార్టులవల్లే వచ్చాయి.

రోడ్డుకీ స్ట్రిప్‌కీ ఒకే బండి కావాలంటే మనసులో ఒక గీత గీసుకోవాలి. స్ప్రింగులు, బుష్‌లు, కంట్రోల్ ఆర్మ్‌ల (చక్రాలని ఫ్రేముకి కలిపే కమ్మీల) కోణాలు, వీల్ అలైన్‌మెంట్ ఇవన్నీ స్ట్రిప్ దగ్గర మార్చలేనివి. వాటిని రోడ్డుకి సరిపడేలా పెట్టుకోవాలి. షాకుల క్లిక్కులు, టైర్ల గాలి, ముందు స్వే బార్ (మలుపులో బాడీ ఒరగకుండా ఆపే కమ్మీ) లింకు, వెనక స్ప్రింగులో పెట్టే ఎయిర్ బ్యాగు గాలి, ఈ నాలుగూ పది నిమిషాల్లో మార్చుకోగలిగేవి. స్ట్రిప్ కోసం చేసే మార్పులన్నీ వీటితోనే జరగాలి. చాలామంది ఇది తలకిందులుగా చేస్తారు. 90/10 షాకులు వేసేసి రోడ్డు మీద అవస్థపడటం అలాంటిదే.

ముందు బరువు లెక్క చూద్దాం. డ్రైవరుతో కలిపి బండి 3,800 పౌండ్లు అనుకోండి. షెవెల్ రెండు తలుపుల మోడల్ వీల్‌బేస్ 112 అంగుళాలు. గురుత్వ కేంద్రం ఎత్తు ఇంచుమించు ఇంజనులోని క్యామ్‌షాఫ్ట్ ఎత్తే అని రేసర్లు లెక్కేసుకుంటారు, 21 అంగుళాలు అనుకుందాం. బండి 1 జి (గురుత్వాకర్షణంత) వేగవృద్ధితో కదిలితే వెనక్కి మారే బరువు 3,800 × 21 ÷ 112, అంటే 712 పౌండ్లు. నిలబడి ఉన్నప్పుడు వెనక చక్రాల మీద 44 శాతం, అంటే 1,672 పౌండ్లు ఉందనుకుంటే, స్టార్టులో మొత్తం 2,384 అవుతుంది. ఈ 712లో స్ప్రింగు పేరుగానీ షాకు పేరుగానీ ఎక్కడా లేదు గమనించండి. ముక్కు ఎంత లేస్తే అంత బరువు వెనక్కి వస్తుందన్న నమ్మకం సగమే నిజం. ముక్కు లేస్తే గురుత్వ కేంద్రం కొద్దిగా పెరుగుతుంది, అంతే. సస్పెన్షన్ చేసే అసలు పని ఆ బరువు టైరు మీద ఎంత త్వరగా, ఎంత మెత్తగా వాలాలో నిర్ణయించడం. స్థిరంగా 1 జి నిలబెట్టుకుంటే 60 అడుగులు 1.93 సెకన్లలో వస్తాయి. మీ 2.2కి లెక్క వేస్తే సుమారు 0.77 జి. దడదడలాడుతున్న టైరు రోడ్డుని పట్టుకునేది సగం సమయమే కాబట్టి ఈ తేడా.

ఇక వెనకభాగం. అసలు రోగం అక్కడే ఉంది.

1968 నుంచి 1972 దాకా వచ్చిన షెవెల్‌లో వెనక నాలుగు ఆర్మ్‌లు. కింది రెండూ దాదాపు తిన్నగా ముందుకి వెళతాయి, పై రెండూ ఏటవాలుగా ఉండి యాక్సిల్ పక్కలకి జరగకుండా కూడా పట్టుకుంటాయి. పక్కనుంచి చూస్తే పై ఆర్మ్ గీతనీ కింది ఆర్మ్ గీతనీ ముందుకి పొడిగిస్తే రెండూ ఒక బిందువు దగ్గర కలుస్తాయి. దాన్నే ఇన్‌స్టంట్ సెంటర్ అంటారు. వెనక టైరు నేలని తాకే చోటునుంచి ఆ బిందువు మీదుగా గీత గీసి, అది ముందు యాక్సిల్ నిలువు గీతని ఎంత ఎత్తులో కోస్తుందో చూడాలి. ఆ ఎత్తుని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగిస్తే యాంటీ స్క్వాట్ శాతం వస్తుంది. 100 దగ్గర వెనకభాగం కుంగదు, లేవదు. అంతకన్నా తక్కువైతే కుంగుతుంది, ఎక్కువైతే బాడీ పైకి లేచి టైరుని నేలకి గుద్దుతుంది.

బండిని సమతలమైన నేల మీద నిలబెట్టండి. టైర్లలో సరైన గాలి, అర ట్యాంకు పెట్రోలు, డ్రైవరు సీటులో మీ బరువంత ఇసుక బస్తాలు. ఒక్కో బోల్టు కేంద్రం నేలనుంచి ఎంత ఎత్తులో ఉందో, యాక్సిల్ నిలువు గీతనుంచి ఎంత ముందుకి ఉందో కొలిచి గ్రాఫ్ కాగితం మీద వేయండి. పద్ధతి అర్థం కావడానికి గుండ్రటి అంకెలతో ఒక ఉదాహరణ చెబుతాను. మీ కొలతలు వేరేగా ఉంటాయి, వీటినే వాడేసుకోకండి. బండిని దించడంవల్ల కింది ఆర్మ్ నేలకి సమాంతరంగా, రెండు చివరలా 8 అంగుళాల ఎత్తులో ఉంది, పొడవు 20. పై ఆర్మ్ వెనక బోల్టు 18 అంగుళాల ఎత్తులో, 12 అంగుళాలు ముందున్న బోల్టు 16లో ఉన్నాయి. గీతలు యాక్సిల్‌కి 60 అంగుళాల ముందు, 8 ఎత్తులో కలుస్తాయి. యాంటీ స్క్వాట్ 71 శాతం. బండి కుంగుతుంది, టైరు మీద దెబ్బ సరిగ్గా పడదు.

ఇప్పుడు కింది ఆర్మ్ వెనక చివరని మాత్రమే రీలొకేషన్ బ్రాకెట్‌తో కిందికి దించండి. 1 అంగుళం దించితే ఇదే ఉదాహరణలో 100 శాతం వస్తుంది. ఒకటిన్నర దించితే 113, 2 అంగుళాలు దించితే 124. అర అంగుళానికి శాతం ఎంత మారిపోతుందో చూడండి. వెనక 2 అంగుళాలు దించే స్ప్రింగులు మీ బండికి చేసిన చెడుపు ఇదే. బండి కిందికి వచ్చేసరికి కింది ఆర్మ్ వెనక చివర ఫ్రేముతో పోలిస్తే పైకి వెళ్ళింది, ఆ వాలంతా పోయింది.

రెండో దారి కూడా ఉంది. పై ఆర్మ్ వెనక చివరని యాక్సిల్ చెవుల మీద ఎత్తు చేసే నో హాప్ బార్లు. ఉదాహరణలో దాన్ని 2 అంగుళాలు లేపితే శాతం 119 వస్తుంది, పైకి బాగానే కనిపిస్తుంది. కానీ కలిసే బిందువు 36 అంగుళాల దగ్గరికి వచ్చేస్తుంది. కింది బ్రాకెట్‌తో ఒకటిన్నర దించినప్పుడు అది 47 అంగుళాలకి పైనే ఉంటుంది. బిందువు యాక్సిల్‌కి దగ్గరయ్యేకొద్దీ గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు వెనకభాగం పైకి లాగి చక్రాలు గెంతుతాయి. స్ట్రిప్‌లో ఇది తెలియదు, వానలో హైవే ఎగ్జిట్ దగ్గర తెలుస్తుంది. రోడ్డు మీద నడిపే బండికి నేను కింది బ్రాకెట్ వైపే మొగ్గుతాను. దానికీ ఒక ఖరీదు ఉంది. కింది ఆర్మ్ ముందుకి ఎగువగా వాలేకొద్దీ మలుపులో బాడీ ఒరిగినప్పుడు బయటివైపు చక్రం కొంచెం వెనక్కి, లోపలివైపుది ముందుకి జరుగుతాయి. వెనక యాక్సిలే స్టీరింగు తిప్పినట్టయి బండి తోక బయటికి జారుతుంది. అందుకే మూడు నాలుగు రంధ్రాలున్న బ్రాకెట్ తీసుకుని, టైరుకి పట్టు దొరికేవాటిలో ఆర్మ్‌ని అతి తక్కువగా దించే రంధ్రం దగ్గర ఆగిపోండి. డ్రాగ్ రేడియల్‌కి 100 నుంచి 115 మధ్య చాలు. రేడియల్ గోడ గట్టిది, పెద్ద దెబ్బని మింగలేదు. గోడ ముడతలుపడే బయాస్ స్లిక్‌కి (పాతరకం అల్లికతో, గాడుల్లేని రేసు టైరు) అయితే ఇంకాస్త ఎక్కువ నప్పుతుంది.

కోణాలు సరిచేసినా చక్రాలు ఎగరడం పూర్తిగా పోదు, బుష్‌లు కూడా చూడాలి. యాభై ఏళ్ళ రబ్బరులో యాక్సిల్ చుట్టుకుని, వదిలి, మళ్ళీ చుట్టుకుంటుంది. ఆ చుట్టుకుని వదలడమే మీకు వినిపించే దడదడ. ఫ్యాక్టరీ కింది ఆర్మ్‌లు కిందివైపు తెరిచి ఉన్న రేకు మడత, మెలిపడతాయి. వాటిని ప్లేటుతో మూసి వెల్డు చేయించండి, లేదా గొట్టపు ఆర్మ్‌లు వేయండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఎనిమిది చోట్లా పాలీయురెథేన్ బుష్‌లు బిగించడం. ఏటవాలు ఆర్మ్‌లున్న ఈ అమరికలో ఒక చక్రం పైకి, ఇంకోటి కిందికి వెళితే ఆర్మ్‌లు తమ చుట్టూ తాము కొద్దిగా తిరగాలి. గట్టి పాలీ ఆ తిరుగుడు ఒప్పుకోదు. అప్పుడు వెనక యాక్సిల్ మొత్తం పెద్ద స్వే బార్‌లా బిగుసుకుపోతుంది, మలుపులో ఉన్నట్టుండి పట్టు వదిలేస్తుంది, చివరికి ఫ్రేము దగ్గర బ్రాకెట్లు చిట్లుతాయి. ఆర్మ్‌కి ఒక చివర గోళాకారపు కీలు, రెండో చివర పాలీ ఉన్నవి కొనండి. ఖర్చు తగ్గించుకోవాలంటే కింది ఆర్మ్‌లు అలాంటివి వేసి, పై ఆర్మ్‌లలో, యాక్సిల్ చెవుల్లో కొత్త రబ్బరు పెట్టండి. రబ్బరు బుష్ ఉన్న ప్రతి బోల్టునీ బండి చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడే బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది, ఎత్తు కొలతలూ తప్పుతాయి.

ఆర్మ్‌లు విప్పినప్పుడే యాక్సిల్ మీది పోత చెవులు, ఫ్రేము అడ్డకమ్మీలో పై ఆర్మ్ బిగించే చోట్లు వైరు బ్రష్‌తో రుద్ది పగుళ్ళు వెతకండి. పై ఆర్మ్ ముందు బోల్టునీ కింది ఆర్మ్ ముందు బోల్టునీ కలిపే ఫ్రేము బ్రేసులు కొన్ని షెవెల్‌లకి ఫ్యాక్టరీలోనే వచ్చాయి. మీకు లేకపోతే వేయించండి. 454 టార్క్‌కి అవి తప్పనిసరి అని నా అభిప్రాయం.

తర్వాత పినియన్ కోణం. పినియన్ అంటే డ్రైవ్‌షాఫ్ట్ వచ్చి కలిసే, యాక్సిల్ ముందువైపు గేరు. డ్రైవ్‌షాఫ్ట్ గీతతో పోలిస్తే పినియన్ ముక్కు ఎంత కిందికి చూస్తోందన్నదే లెక్క, నేలతో కాదు. గోళాకారపు కీళ్ళు ఉంటే 1 నుంచి 2 డిగ్రీలు కిందికి, రబ్బరు ఉంటే 3 దాకా. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పినియన్ ముక్కు పైకి ఎక్కుతుంది, అప్పుడు తిన్నగా రావాలని ముందే కిందికి పెడతాం. 5, 6 డిగ్రీలు పెట్టమనే సలహా ముక్కు బాగా ఎక్కే లీఫ్ స్ప్రింగు బండ్లది, మీకు పనికిరాదు. అంత పెడితే హైవే మీద ఒకే వేగం దగ్గర వణుకు వస్తుంది, డ్రైవ్‌షాఫ్ట్ చివరల ఉండే కీళ్ళు, అంటే యూ జాయింట్లు, అరుగుతాయి. పై ఆర్మ్‌లు రెంటినీ సమానంగానే తిప్పండి. కుడి చక్రానికి ముందస్తు బరువు ఇద్దామని ఒక్క కుడి ఆర్మ్ పొడవు మార్చే అలవాటు తిన్నగా ముందుకి వెళ్ళే ఆర్మ్‌లున్న రేస్ కార్లనుంచి వచ్చింది. మీవి ఏటవాలు కాబట్టి అలా చేస్తే యాక్సిల్ పక్కకి జరుగుతుంది. కింది ఆర్మ్ ముందు బోల్టునుంచి యాక్సిల్ దాకా రెండువైపులా కొలవండి, తేడా అంగుళంలో ఎనిమిదో వంతు దాటకూడదు.

మరి కుడి చక్రం సంగతి? డ్రైవ్‌షాఫ్ట్ తిరిగే దిశవల్ల యాక్సిల్ కుడి చక్రం తేలికవుతుంది, బాడీ ఎడమ ముందు మూల లేస్తుంది. చవకైన మందు స్ప్రింగుల లోపల పెట్టే ఎయిర్ బ్యాగులు. స్ట్రిప్‌లో ఎడమ 5, కుడి 10 పీఎస్‌ఐతో మొదలుపెట్టి కుడిది ఒక్కో పీఎస్‌ఐ మార్చుకోండి. నల్లటి రబ్బరు గీతలు రెండూ ఒకే ముదురులో, బండి తిన్నగా వెళ్ళేదాకా మార్చాలి. రోడ్డు మీదికి వచ్చేముందు రెండూ 5కి సమానం చేయాలి, లేకపోతే ఎడమ మలుపూ కుడి మలుపూ రెండు వేర్వేరు బండ్లలా ఉంటాయి. డబ్బు ఉంటే యాక్సిల్‌కి బిగించి ఫ్రేముకి లింకులతో కలిపే యాంటీ రోల్ బార్ ఇంకా మంచిది. ఫ్యాక్టరీ వెనక స్వే బార్ కింది ఆర్మ్‌లకే రెండు చివరలా బిగిస్తారు, దానికి ఫ్రేముకి లింకులు లేవు, అది ఈ పనిని అంత బాగా చేయలేదు.

ముందుభాగానికి వద్దాం. 90/10 అంటే తెరుచుకోవడం చాలా తేలిక, మూసుకోవడం చాలా కష్టం. స్ట్రిప్‌లో ముక్కు గబుక్కున లేచి పైనే ఉంటుంది. హైవే మీద వరసగా గతుకులు వచ్చినప్పుడు కూడా అదే జరుగుతుంది. ప్రతి గతుకుకీ లేచి, పూర్తిగా దిగకముందే మళ్ళీ లేచి, ముక్కు మెల్లగా పైకి పాకుతుంది. మీ పడవ ఊగుడు అదే. అవి తీసేసి తెరుచుకోవడం, మూసుకోవడం విడివిడిగా సర్దుకునే డబుల్ అడ్జస్టబుల్ షాకులు నాలుగు మూలలా వేయండి. మీ బడ్జెట్‌లో పెద్ద ఖర్చు ఇదే, ఇక్కడ పొదుపు చేయకండి.

షాకులు మార్చేముందు ముందు ఆర్మ్‌లు స్వేచ్ఛగా కదులుతున్నాయో చూడాలి. స్ప్రింగు, షాకు లేకుండా కింది ఆర్మ్‌ని చేత్తో లేపి వదిలితే తన బరువుకి తాను జారాలి. అక్కడే నిలిచిపోతే బుష్‌లు పట్టేశాయి, ఎంత ఖరీదైన షాకు వేసినా ఫలితం ఉండదు. స్ప్రింగు తీసేటప్పుడు జాగ్రత్త. షెవెల్ ముందు స్ప్రింగు ఫ్రేముకీ కింది ఆర్మ్‌కీ మధ్య ఒత్తిడితో కూర్చుని ఉంటుంది, ఎగిరితే మనిషి ప్రాణం తీస్తుంది. లోపలినుంచి పట్టే కంప్రెసర్, స్ప్రింగుని ఫ్రేముకి కట్టే గొలుసు, కింది ఆర్మ్ కింద జాకీ, మూడూ ఉన్నప్పుడే బాల్ జాయింట్ (ఆర్మ్ చివర చక్రం వైపు ఉండే గుండ్రటి కీలు) నట్టు వదులు చేయండి.

స్ప్రింగు ఎంపికలో మెత్తగా, పొడవుగా ఉన్నది స్టార్టులో ముక్కుని బాగా లేపుతుంది. మరీ మెత్తనిది పెడితే బ్రేకు కొట్టినప్పుడు ముక్కు నేలని తాకుతుంది. 3 అంగుళాలకి అటూఇటూ పైకి సాగే చోటుంటే రోడ్డు బండికి చాలు. ఎత్తు తగ్గించడానికి చుట్టు కోసే ఆలోచన ఉంటే లెక్క గుర్తుపెట్టుకోండి. 8 పనిచేసే చుట్లున్న, అంగుళం నొక్కడానికి 400 పౌండ్లు కావలసిన స్ప్రింగునుంచి ఒక చుట్టు కోస్తే అది 457 అవుతుంది. ఎత్తు తగ్గిందని సంబరపడేలోపు గట్టిదనమూ పెరిగిపోతుంది.

అలైన్‌మెంట్ ఫ్యాక్టరీ పుస్తకం ప్రకారం చేయించకండి, అది ఆనాటి బయాస్ టైర్లకి రాసింది. క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం వాలు) మైనస్ అర డిగ్రీ, క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే స్టీరింగు ఇరుసు వాలు) ప్లస్ 3 నుంచి 4, టో ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండటం) మొత్తం అంగుళంలో పదహారో వంతు. క్యాస్టర్ పెంచడానికి పై ఆర్మ్ షాఫ్ట్ ముందు బోల్టు దగ్గరి షిమ్‌లు (సన్నటి రేకు బిళ్ళలు) తీసి వెనక బోల్టు దగ్గర వేయాలి. ఫ్యాక్టరీ పై ఆర్మ్‌తో 2 డిగ్రీల దగ్గరే షిమ్‌ల చోటు అయిపోవచ్చు, అప్పుడు క్యాస్టర్ ముందే కలిపి చేసిన గొట్టపు పై ఆర్మ్ కావాలి. షెవెల్‌లో ముందు చక్రాన్ని మోసే స్పిండిల్ పొట్టిది, మలుపులో ఒరిగినప్పుడు బయటి చక్రం క్యాంబర్ తప్పువైపుకి వెళుతుంది. అర అంగుళం పొడవెక్కువ ఉన్న పై బాల్ జాయింట్లు వేస్తే రోడ్డు మీద చాలా తేడా తెలుస్తుంది. మీకు ఇంకో పరీక్ష కూడా అవసరం. ముక్కుని జాకీతో 3 అంగుళాలు లేపి టో మళ్ళీ కొలవండి. అక్కడ బాగా మారిపోతుంటే, పరుగులో ముక్కు దిగుతున్నప్పుడు బండి పక్కకి కోసుకుపోతుంది.

ఇక స్ట్రిప్‌లో. షాకులకి 18 క్లిక్కులుంటే ముందు షాకుల తెరుచుకోవడం పూర్తి మెత్తననుంచి 3, మూసుకోవడం 9, వెనక తెరుచుకోవడం 9, మూసుకోవడం 6 దగ్గర మొదలుపెట్టండి. వెనక రేడియల్స్‌లో 18 పీఎస్‌ఐ. ముందు స్వే బార్ లింకు ఒకవైపు విప్పి, ఊగకుండా కట్టేయండి. వెనక ఫెండర్ మీదా, టైరు పక్క గోడ మీదా తెల్ల టేపు అంటించి, స్నేహితుణ్ణి పక్కనుంచి ఫోనులో స్లో మోషన్ తీయమనండి. కంటితో చూసింది నమ్మకండి, మొదటి అర సెకనులో జరిగేది వీడియోలోనే కనిపిస్తుంది.

వెనకభాగం కుంగుతూ టైరు తిరిగిపోతుంటే యాంటీ స్క్వాట్ చాలలేదు, బ్రాకెట్‌లో ఒక రంధ్రం దించండి. వెనకభాగం చటుక్కున లేచి, టైరు ఒక్క క్షణం పట్టి, ఆ వెంటనే తిరిగితే దెబ్బ ఎక్కువైంది, వెనక తెరుచుకోవడం రెండు క్లిక్కులు గట్టి చేయండి. 10, 15 అడుగులు బాగా వెళ్ళి అప్పుడు టైరు పట్టు వదిలేస్తే ముందు షాకులు చివరంటా సాగి ముక్కు దబ్బున కిందికి వస్తోంది. ముందు తెరుచుకోవడం రెండు క్లిక్కులు గట్టి చేసి, అప్పటికీ పోకపోతే మూసుకోవడం కూడా రెండు పెంచండి. ఒక పరుగుకి ఒకే మార్పు, ట్రాక్‌వాళ్ళు ఇచ్చే టైము చీటీ మీద రాసుకోండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో మీకెప్పటికీ తెలియదు. ఎండ ఎక్కి ట్రాక్ వేడెక్కిన కొద్దీ సంఖ్యలు మారతాయి, మధ్యాహ్నపు చీటీని సాయంత్రపు చీటీతో పోల్చకండి.

60 అడుగుల్లో పదో వంతు సెకను తగ్గితే పావు మైలులో అంతకన్నా కొంచెం ఎక్కువే తగ్గుతుంది. కాబట్టి సస్పెన్షన్ కుదిరాక మీ టైము ఉన్నట్టుండి దిగవచ్చు, ఎన్‌హెచ్ఆర్ఏ (అమెరికా డ్రాగ్ రేసుల సంఘం) నిబంధనలు ముందే చూసుకోండి. మీ కాలపు బండ్లకి పావు మైలు టైము 13.99 సెకన్లు లేదా అంతకన్నా తక్కువైతే హెల్మెట్, 11.49 లేదా అంతకన్నా తక్కువైతే రోల్ బార్ (బోల్తాపడితే కాపాడే ఉక్కు చట్రం) తప్పనిసరి. డ్రైవ్‌షాఫ్ట్ లూప్ (షాఫ్ట్ విరిగితే కిందపడకుండా పట్టే కట్టు) మాత్రం టైము ఎంతైనా ఇప్పుడే వేసేయండి, ముందు యూ జాయింట్‌కి 6 అంగుళాల లోపు. పట్టు పెరిగిన టైరు ఆ జాయింట్‌నే విరుస్తుంది.

ఇంటికి బయలుదేరేముందు స్వే బార్ లింకు తిరిగి బిగించండి, ఎయిర్ బ్యాగులు సమానం చేయండి, వెనక టైర్లు 30 పీఎస్‌ఐకి నింపండి, ముందు తెరుచుకోవడం 9కి తెచ్చుకోండి. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి స్టీరింగుకి టేపుతో అంటించి ఉంచండి. కొత్త ఆర్మ్‌లు వేశాక 100 మైళ్ళకి ఒకసారి, మొదటి స్ట్రిప్ రోజు తర్వాత ఇంకోసారి బోల్టులన్నీ టార్క్ రెంచితో చూడాలి. బిగించినప్పుడు ప్రతి బోల్టు తలనుంచి బ్రాకెట్ మీదికి పెయింటు పెన్నుతో ఒక గీత గీస్తే, ఏది తిరిగిందో కిందికి దూరగానే కనిపిస్తుంది. మీ కొలతలు తీశాక నాలుగు బోల్టుల ఎత్తులూ దూరాలూ ఇక్కడ పెట్టండి, ఏ రంధ్రంతో మొదలుపెట్టాలో లెక్క వేసి చెబుతాను.